న్యూయార్క్ రేవు చేరే ముందు రెండు రోజులు

చిరంజీవి సౌభాగ్యవతి మా అమ్మాయికి,

పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది. మీ అమ్మ గుంటూరు నుంచి బయలుదేరి లండన్ దాకా విమానంలో వచ్చి, సౌతాంప్టన్‌లో నీతోనూ పిల్లలతోనూ క్వీన్ మేరీ 2 ఓడ ఎక్కి న్యూయార్క్ వస్తున్నదని విని మీ పెద్దమ్మా నేనూ ఎంతో సంతోషించాము. ఓడ ఎక్కడం గురించి నీకు చెప్పేవాళ్ళు చాలామంది దొరుకుతారు గాని, దిగడం గురించి చెప్పేవాళ్ళు తక్కువ. మేము ఆ ఓడలో రెండుసార్లు అట్లాంటిక్ దాటాము. మొదటిసారి చివరి రెండు రోజులూ పెట్టెలు సర్దుకోవడంలోనే పోగొట్టుకున్నాము. నీకు అలా జరగకూడదనే ఈ ఉత్తరం.

సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కు ఏడు రాత్రుల ప్రయాణం, మూడు వేల నాటికల్ మైళ్ళకు పైన దూరం. పడమటికి వస్తున్నారు కనుక, ఆ ఏడింటిలో అయిదు రాత్రులు గడియారాన్ని గంట చొప్పున వెనక్కి తిప్పుతారు. అంటే ఆ అయిదు రోజులకూ ఇరవై అయిదేసి గంటలన్నమాట. విమానంలో ఒక్కసారిగా వచ్చిపడే అయిదు గంటల తేడాను ఓడ ఇలా విడివిడిగా తీర్చేస్తుంది. అయితే దొరికిన ఆ గంటను మేలుకుని ఖర్చు చేస్తే ఫలితం ఉండదు. పిల్లలనూ అమ్మనూ ఓడ గడియారం ప్రకారమే తినిపించి, పడుకోబెట్టు. అలా చేస్తే రేవులో దిగిన రోజుకు అమ్మ మనతో పాటే లేస్తుంది, మనతో పాటే నిద్రపోతుంది.

పెట్టెలు సర్దే పని దిగడానికి రెండు రోజుల ముందే ముగించు. చివరి సాయంత్రానికి ఆ పని మిగల్చవద్దు. చివరి రాత్రి పడుకునే ముందు, రంగు ట్యాగులు కట్టిన పెద్ద పెట్టెలను క్యాబిన్ తలుపు బయట పెట్టాలి. వాటిని తీసుకువెళ్ళి మరునాడు రేవులోని హాలులో రంగుల వారీగా పేరుస్తారు. మొదటిసారి తొందరలో మీ పెద్దమ్మ బి.పి. మాత్రలు పెద్ద పెట్టెలోకి వెళ్ళిపోయాయి. ఉదయం వేసుకోవలసిన మాత్ర మా పెట్టె దొరికేసరికి మధ్యాహ్నమయింది. ఆ కొన్ని గంటలూ ఆమె చేయి పట్టుకుని బెంచీ మీద కూర్చున్న సంగతి నేను ఇప్పటికీ మరువలేను. కాబట్టి మాత్రలు, కళ్ళద్దాలు, పాస్‌పోర్టులు, మరునాటి బట్టలు, చెప్పులు, అమ్మ శాలువా ఒక చేతిసంచిలో పెట్టి, ఆ సంచిని నీ తలగడ పక్కనే ఉంచుకో. అమ్మకు మోకాళ్ళ నొప్పి గనుక, దిగేటప్పుడు చక్రాల కుర్చీ కావాలని ఓడలోని కార్యాలయంలో ముందుగానే చెప్పి ఉంచు. ఓడలో మీకయిన ఖర్చుల లెక్క కూడా అక్కడే రెండు రోజుల ముందు తీసుకుని చూసుకో, చివరి రాత్రి అక్కడ పెద్ద వరుస ఉంటుంది. సేవా రుసుము రోజువారీగా ఆ లెక్కలోనే కలిసి ఉంటుంది. అయినా మీ క్యాబిన్ శుభ్రం చేసిన మనిషికి నీ చేత్తో కొంత ఇవ్వు.

ఇప్పుడు ముఖ్యమైన మాట. అమ్మ పెట్టెను నువ్వే ఒకసారి తెరిచి చూడు. పెరట్లోని కరివేపాకు రెబ్బలు తడిగుడ్డలో చుట్టి, చీరల మడతల మధ్య పెట్టి తెచ్చి ఉంటుందని నేను రూఢిగా చెప్పగలను, ఎందుకంటే మీ నాయనమ్మ కూడా అలాగే తెచ్చేది. కరివేపాకు మీద నిమ్మజాతి చెట్లకు తెగులు మోసే పురుగు బతుకుతుంది. అందుకే అమెరికాలోకి దాన్ని తేనివ్వరు. ఓడలోనే తీసి పారేయండి. మిగిలిన తినుబండారాలన్నీ, ఊరగాయ జాడీతో సహా, ఉన్నవి ఉన్నట్టు అధికారులకు చెప్పండి. చెప్పినవాటిని వాళ్ళు కాదంటే తీసుకుని పారేస్తారు; దాచినవి దొరికితే జరిమానా పడుతుంది. పిల్లలు అల్పాహారం దగ్గర తీసిన ఆపిల్ పండును సంచిలో వేసుకుని దిగకుండా చూడు. అమ్మ విజిటర్ వీసా మీద వస్తున్నది కనుక నీ ఇంటి చిరునామా, తిరుగు టికెట్టు కాగితం మీద రాసి ఆమె చేతికివ్వు. ఇంటికి చేరిన రెండు మూడు రోజులకు ఆమె ఐ-94లో, అంటే అమెరికాలోకి వచ్చినట్టు ప్రభుత్వం ఉంచే నమోదులో, ఇక్కడ ఉండగల గడువు సరిగా పడిందో లేదో వెబ్‌సైటులో చూసుకో.

చివరి రాత్రి పెందలాడే పడుకోండి. తెల్లవారుజామునే, ఇంకా మసక ఉండగానే, ఓడ న్యూయార్క్ రేవు ముఖద్వారంలోని వెరజానో వంతెన కిందుగా సాగుతుంది. ఆ వంతెన కింద పట్టేలా చూసుకునే ఈ ఓడ పొగగొట్టాన్ని పొట్టిగా కట్టారు, మధ్యలో మిగిలేది కొద్ది మీటర్ల ఖాళీ మాత్రమే. కింద నిలబడి చూస్తే పొగగొట్టం తప్పకుండా తగిలేస్తుందనిపిస్తుంది. మేము రెండోసారి వచ్చినప్పుడు పై డెక్ మీద అందరూ మాటలు మానేసి తలలు పైకెత్తి నిలబడ్డారు, వంతెన మీది కారు దీపాలు మా తలల మీదుగా వెళ్ళాయి. అమ్మకు శాలువా, మంకీ క్యాప్ తప్పనిసరి, గాలి ఎముకలు కొరుకుతుంది. వంతెన దాటాక ఎడమ వైపుకు నడవండి. లిబర్టీ విగ్రహం అటే కనిపిస్తుంది. ఓడ ఆగే బ్రూక్లిన్ రేవు కుడివైపున ఉంటుంది.

ఇంటికి వచ్చాక రెండు మూడు రోజులు నేల ఊగుతున్నట్టు ఉంటుంది. కొందరికి మరికొంత కాలం ఉంటుంది. భయపడవలసిన పని లేదు, కాని స్నానాల గదిలో అమ్మను ఒంటరిగా వదలకు.

అల్లుడిని కారు తెమ్మను. ఆ బ్రూక్లిన్ రేవు ఉన్న రెడ్ హుక్ నుంచి న్యూజెర్సీలోని ఎడిసన్‌కు స్టేటెన్ ఐలండ్ మీదుగా వచ్చే దారి ఉంది, ఆ దారిలోనే రమ్మను. తెల్లవారుజామున కిందుగా వచ్చిన ఆ వంతెన మీదే అప్పుడు మీరు ప్రయాణిస్తారు. అమ్మను కిటికీ పక్కన కూర్చోబెట్టి, కింద నీళ్ళను చూపించు.

ఇట్లు,
మీ పెదనాన్న