జీవం పుట్టిందా, సృజింపబడిందా?

సందేహం: మా సంఘంలో సండే స్కూలు పిల్లల కోసం ఆదికాండం మొదటి అధ్యాయం మీద పాఠం రాస్తున్నాను. 'జీవం పుట్టలేదు, సృష్టించబడింది' అని శీర్షిక పెట్టి, పాశ్చర్ ప్రయోగాన్ని కూడా చేర్చాను. సంఘ పెద్దల్లో ఒకరు 'సృష్టించబడింది' తప్పు, 'సృజింపబడింది' అనాలన్నారు. ఏది ఒప్పు? అలాగే 'తమ తమ జాతి ప్రకారము' అన్నచోట జాతి అంటే సైన్సు పుస్తకంలో ఉన్న జాతేనా?
– గుంటూరు జిల్లా నుంచి ఒక టీచరు

సమాధానం: అమ్మా, మీరు రెండు మాటల గురించి అడిగారు గానీ నాకు అభ్యంతరం ఉన్నది మీరు అడగని మూడో మాట మీద. దాని సంగతి తర్వాత చెబుతాను, ముందు సృజించు.

దీని ధాతువు 'సృజ్'. చాలామంది దీనికి 'చేయడం' అని అర్థం అనుకుంటారు, కాదు. వదలడం, విడవడం, తనలోంచి బయటికి పంపడం అనేది దాని అసలు అర్థం. వినాయక విసర్జన అంటున్నామే, ఆ విసర్జన ఈ ధాతువులోంచి వచ్చిందే. దుఃఖంలో రెండు సున్నాలు పెట్టి ఊపిరి వదిలి పలికే విసర్గ కూడా దీని బిడ్డే. కావ్యాల్లో సర్గ, వ్యాకరణంలో ఉపసర్గ, సహజమైనది అనే అర్థంలో నిసర్గం, అన్నీ ఒకే ఇంటివి. ముండకోపనిషత్తు సాలెపురుగును చూపించి 'యథోర్ణనాభిః సృజతే గృహ్ణతే చ' అంటుంది. సాలెపురుగు దారాన్ని తన ఒంట్లోంచే వదులుతుంది, తిరిగి తనలోకే తీసుకుంటుంది. ఆ 'సృజతే'ని ఒకసారి నిదానంగా చూడండి. దారం బయట బజారులో కొన్నది కాదు, పురుగు ఒంట్లోదే. సృష్టి అనే మాట వెనక మన పాతవాళ్ళకు కనపడిన బొమ్మ అది.

క్రైస్తవుల నమ్మకం ఇది కాదు. దేవుడు తన ఒంట్లోంచి లోకాన్ని తీయలేదు, ముందే ఉన్న ముడిసరుకుతోనూ చేయలేదు, మాటతో కలిగించాడు అంటారు. 'దృశ్యమైనది కనబడెడు పదార్థములచే నిర్మింపబడలేదు' అని బైబిల్లోని హెబ్రీ పత్రిక పదకొండో అధ్యాయం. మరి అలాంటి నమ్మకానికి సృజ్ ధాతువును ఎందుకు తెచ్చారు అంటే, బైబిలును తెలుగు చేసినవాళ్ళకు అంతకన్నా పెద్ద మాట దొరకలేదు. ఆదికాండం హీబ్రూ మూలంలో 'సృజించెను' ఉన్నచోట క్రియ 'బారా'. దాని మామూలు రూపంలో కర్త ఎప్పుడూ దేవుడే, మనుషులు ఆ పని చేసినట్టు పాత నిబంధనలో ఎక్కడా కనపడదు. చేయడం, కట్టడం, మలచడం మనుషులకూ ఉన్నాయి, బారా మాత్రం లేదు. తెలుగులో అంత గౌరవం నిలబెట్టుకున్న క్రియ సృజించు ఒక్కటే. ధాత్వర్థం కొంచెం పక్కకు జరిగినా మాటకున్న మర్యాద సరిపోయింది, అందుకే ఆ ఎంపిక నాకు నచ్చుతుంది.

ఇక సృష్టించు. ఇది సృష్టి అనే నామం మీద 'ఇంచు' చేర్చి చేసుకున్నది, సృజించు ధాతువు మీద నేరుగా చేర్చినది, భుజించు త్యజించుల్లాగ. సృష్టించు తప్పు అని నేను అనను, ఎన్నాళ్ళుగానో వాడుకలో ఉంది. కానీ దాన్ని ఏ గతి పట్టించామో చూస్తున్నారా? ట్రాఫిక్ జామ్ గందరగోళం సృష్టిస్తుంది, బ్యాట్స్‌మన్ రికార్డు సృష్టిస్తాడు, పుకారు కలకలం సృష్టిస్తుంది, ఫోను తెరిస్తే 'ఖాతాను సృష్టించండి' అంటుంది. ఖాతా తెరుస్తాం అండీ, సృష్టించం! పాస్‌వర్డ్ పెట్టుకుంటాం. బ్రహ్మకు ఉండాల్సిన క్రియను లాగిన్ పేజీకి కట్టబెట్టి, ఆ తర్వాత ఆదివారం పిల్లల ముందు అదే క్రియతో భూమ్యాకాశాల గురించి చెబితే వాళ్ళకు ఏం అనిపిస్తుంది? మీ పాఠానికి సృజించు మేలు అనడానికి నాకు ఇదే కారణం, వ్యాకరణం కాదు. (సృజన, సృజనాత్మకతల గోడు వేరే. పాణిని ప్రకారం సర్జన అవ్వాలి, విసర్జనలో అలాగే అయింది. కానీ ప్రతి బడి బోర్డు మీదా ఎక్కి కూర్చున్న మాటను ఇప్పుడు దింపడం నావల్ల కాదు.)

కర్మణి ప్రయోగంలో మీ సంఘ పెద్దగారి మాట పాత లెక్కకు సరిపోతుంది. 'సర్వమును ఆయనద్వారాను ఆయననుబట్టియు సృజింపబడెను' అని కొలొస్సయుల పత్రికలోనే ఉంది. అయినా పిల్లలకు ఈ 'బడు'లు ఎందుకమ్మా? 'దేవుడు జీవాన్ని సృజించాడు' అనండి. తెలుగులో కర్త ఎవరో తెలిసినప్పుడు కర్తను ముందు పెట్టి చెప్పడమే అందం. పైగా మీ పాఠం చెప్పేదే కర్త ఉన్నాడని కదా, ఆయన్ని శీర్షికలోంచి తీసేస్తే ఎలా?

అసలు గొడవ 'పుట్టలేదు' దగ్గర. పుట్టడానికీ సృజించడానికీ పోటీ పెట్టారు మీరు. మీ బైబిలే ఆ పోటీ పెట్టలేదు. చెట్ల దగ్గర 'భూమి మొలిపించుగాక' అన్నాడు దేవుడు. జంతువుల దగ్గర 'భూమి పుట్టించుగాక' అన్నాడు. ఇరవై ఒకటో వచనం తీసి చూడండి, 'జలములు సమృద్ధిగా పుట్టించిన' మహా మత్స్యాలను దేవుడు 'సృజించెను' అని ఒకే వాక్యంలో రెండు క్రియలూ ఉన్నాయి. ఆకాశ విశాలానికి, జ్యోతులకు 'చేసెను', రెండో అధ్యాయంలో నేలమంటితో నరుడికి 'నిర్మించి'. మొదటి అధ్యాయంలో నరుడి దగ్గరికి వచ్చేసరికి సృజించెను అని ఒకే వచనంలో మూడుసార్లు. ఇంత వైవిధ్యాన్ని ఒక్క 'సృష్టించబడింది'తో చదును చేసేస్తే పాఠం బీదదైపోతుంది.

మన భాషలో పుట్టడం అంటే పుట్టించేవాడు లేడని అర్థం కాదు. ఇది చెప్పడానికి నాకు పోతన కావాలి, ఆయన్ని పిలవడానికి నాకు వంక అక్కరలేదు.

ఎవ్వనిచే జనించు జగ మెవ్వని లోపల నుండు లీనమై
యెవ్వని యందు డిందు...

ఏనుగు మొసలి నోట చిక్కి అడుగుతున్న మాట. జనించు అంటే పుట్టడమే, 'జన్' ధాతువు. జగత్తు పుడుతుంది, అయితే 'ఎవ్వనిచే'! ఆ చిన్న 'చే' ప్రత్యయంలో కర్తను కూర్చోబెట్టాడు మహానుభావుడు. పుట్టుక ఉంది, పుట్టుక వెనక ఒక చెయ్యి ఉంది, రెండూ ఒక్క పాదంలో తగువు లేకుండా ఇమిడాయి. అదే పద్యంలో 'సర్వముఁ దానయైన వాఁడు' అన్న దగ్గర మాత్రం క్రైస్తవులు ఆగిపోతారు, వాళ్ళకు సృష్టి వేరు, సృష్టికర్త వేరు. సాలెపురుగు దగ్గర వచ్చిన తేడాయే ఇక్కడా. అక్కడిదాకా వాళ్ళూ పోతనతో కలిసి నడవొచ్చు. పద్యాలు రానివాళ్ళు కూడా కష్టం వస్తే 'పుట్టించినవాడే చూసుకుంటాడు' అంటారు కదా, ఏ మతంవాళ్ళైనా సరే.

పాశ్చర్ సంగతి ఒక్క ముక్క. 1860ల్లో ఆయన హంసమెడ గాజు కుప్పెలతో చూపించింది, మరగబెట్టిన రసంలో సూక్ష్మజీవులు వాటంతట అవి పుట్టవు, బయటి దుమ్ముతో వస్తాయి అని. మొట్టమొదటి జీవం ఎలా వచ్చిందో ఆ కుప్పె తేల్చలేదు, నిఘంటువూ తేల్చదు. దాన్ని మీ నమ్మకానికి రుజువుగా పెట్టకండి, నమ్మకాన్ని నమ్మకంగానే చెప్పండి.

జీవం, ప్రాణం: ఆదికాండంలో 'జీవము గల' అన్న మాట కదిలే ప్రాణులకే వాడారు, చెట్లకు వాడలేదు. జీవాత్మ: రెండో అధ్యాయంలో 'నరుడు జీవాత్మ ఆయెను' అన్నది వేదాంతుల జీవాత్మ కాదు, ప్రాణమున్న మనిషి అని అంతే.

జాతి: సైన్సు పుస్తకంలోని జాతి కాదు. హీబ్రూలో 'మీన్', రకం అని చెప్పుకోవచ్చు. మన పాఠ్యపుస్తకాల్లో జాతి, ప్రజాతి అని కొలతలు పెట్టుకున్నది జీవశాస్త్రం కోసం, బైబిలు అనువాదంలో జాతి ఆ కొలత ప్రకారం వేసింది కాదు. ప్రత్యేక సృష్టిని, అంటే ఒక్కో రకాన్నీ దేవుడే విడిగా సృజించాడని నమ్మేవాళ్ళు కూడా ఈ రెండూ ఒకటి అనరు. ఫ్రాంక్ లూయిస్ మార్ష్ అనే అడ్వెంటిస్టు (ఒక క్రైస్తవ శాఖ) జీవశాస్త్రవేత్త 1941లో బారా, మీన్ కలిపి 'బారామిన్' అని కొత్తమాట కట్టింది ఇందుకే. వాళ్ళ లెక్కలో కుక్కా తోడేలూ నక్కా ఒకే మీన్ కిందికి వస్తాయి, సైన్సు లెక్కలో తోడేలూ నక్కా వేరు వేరు జాతులు. ఇంకోటి, జాతి కూడా జన్ ధాతువే, అంటే పుట్టుకే. కాబట్టి శీర్షికలో 'పుట్టలేదు' కొట్టేయండి. జాతి దగ్గర మాత్రం వచనాన్ని కదిలించకుండా కింద 'రకం' అని చిన్న వివరణ రాసిపెట్టండి, లేకపోతే సోమవారం బడిలో సైన్సు టీచరు దగ్గర పిల్లలు తికమక పడతారు.