పాటలకొకటి, ఫొటోలకొకటి

ప్రశ్న: వారం వారం టెక్కలి నుంచి విజయనగరం కారులో వెళ్తుంటాను. కొత్తగా కొన్న 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో పాటలూ, పిల్లల ఫొటోలూ అన్నీ వేశాను. స్టీరియో ఒక్క పాటా పాడదు. పాత 8 జీబీది మాత్రం శుభ్రంగా పాడుతోంది. కొత్తది పాడైనట్టేనా?
- ఒక పాఠకుడు, టెక్కలి

జవాబు: పాడవలేదండీ, పారేయకండి. 64 జీబీవి సాధారణంగా ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌లో (పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతిలో) వస్తాయి. చాలా కారు స్టీరియోలు ఫ్యాట్32 అనే పాత పద్ధతిని మాత్రమే చదువుతాయి. ఇది తెలియక నేనూ ఓసారి నరసన్నపేట దగ్గర కారు ఆపి, పెన్‌డ్రైవ్‌ని చొక్కాకి తుడిచి తుడిచి పెట్టాను. వెనక సీట్లో మా ఆవిడ ఒకటే నవ్వు!

ముందు అందులోవన్నీ కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి, ఫార్మాట్ చేస్తే ఏమీ మిగలదు. తర్వాత ఫ్యాట్32లోకి మార్చండి. ఆ తలనొప్పి ఎందుకనుకుంటే, సాధారణంగా ఫ్యాట్32లోనే వచ్చే 32 జీబీది కొనండి. 128 కేబీపీఎస్ నాణ్యత ఉన్న ఎంపీ3 పాట నిమిషానికి సుమారు 1 ఎంబీ. అంటే ఐదు నిమిషాల పాటలు ఆరు వేల దాకా పడతాయి, ఇచ్ఛాపురం వెళ్లొచ్చినా అయిపోవు. పాటలు వరస తప్పుతుంటే పేర్ల ముందు 001, 002 అని పెట్టి, అదే వరసలో కాపీ చేయండి.

ఫొటోలు మాత్రం అందులో వద్దు. అరసవల్లిలో ఎండలో కారు నిలిపితే లోపల పొయ్యే. వాటికి వేరే పెన్‌డ్రైవ్ ఉంచుకుని, టీకి ఆగినప్పుడు ఓటీజీతో (ఫోన్‌కి పెన్‌డ్రైవ్ తగిలించే చిన్న అడాప్టర్‌తో) ఫోన్ నుంచి ఎక్కించి, జేబులో వేసుకోండి. ఇంటికెళ్లి కంప్యూటర్‌లోనూ వేసేదాకా ఫోన్‌లోవి చెరపొద్దు.