టెక్ సందేహాలు: దూలం ఒకటే, స్ట్రెస్ రెండు రకాలుగా ఎందుకు వస్తోంది?

ప్రశ్న: రెండు చివరలా ఆధారాలపై ఉన్న 4 మీటర్ల చెక్క దూలానికి బెండింగ్ స్ట్రెస్ (వంగడం వల్ల లోపల పుట్టే ఒత్తిడి) లెక్కించడానికి స్ప్రెడ్‌షీట్ తయారుచేసుకున్నాను. వెడల్పు 150, లోతు 300 మిల్లీమీటర్లు. మీటరుకు 10 కిలోన్యూటన్ల లోడ్ పొడవునా సమానంగా పడుతుంది. నా షీటులో 8.89 మెగాపాస్కల్స్ వస్తే, స్ట్రక్చరల్ అనాలిసిస్ సాఫ్ట్‌వేర్ 17.78 చూపిస్తోంది. దేన్ని నమ్మాలి?

జవాబు: మీ షీటునే నమ్మవచ్చు. మీటరు లోడును పొడవు వర్గంతో గుణించి 8తో భాగిస్తే మధ్యలో గరిష్ఠ బెండింగ్ మూమెంట్, అంటే దూలాన్ని వంచే ప్రభావం, 20 కిలోన్యూటన్ మీటర్లు వస్తుంది. వెడల్పును లోతు వర్గంతో గుణించి 6తో భాగిస్తే సెక్షన్ మాడ్యులస్, అంటే అడ్డకోత ఆకారం వంపును ఎంత తట్టుకుంటుందో చెప్పే కొలత, 22.5 లక్షల ఘన మిల్లీమీటర్లు. మూమెంట్‌ను న్యూటన్ మిల్లీమీటర్లలోకి మార్చి, అంటే 2 కోట్లుగా రాసి, మాడ్యులస్‌తో భాగిస్తే 8.89 మెగాపాస్కల్స్.

మరి సాఫ్ట్‌వేర్ తప్పు చేసిందా అంటే, అదీ కాదు. ఈ రకం తేడా వచ్చినప్పుడు నేను మొదట చూసేది రెండు జవాబుల నిష్పత్తిని. ఇక్కడ అది సరిగ్గా 2, మీ దూలం లోతు కూడా వెడల్పుకు సరిగ్గా రెండింతలు. సెక్షన్ నిర్వచించే చోట వెడల్పు, లోతు తారుమారై గానీ, దూలం లోకల్ యాక్సిస్ (దాని సొంత దిశను చూపే అక్షం) 90 డిగ్రీలు తిరిగి గానీ, దూలం నిలువుగా కాక పడుకోబెట్టినట్టు నమోదై ఉంటుంది. నిర్ధారించుకోవడానికి రెండు లెక్కల్లోనూ మధ్యలో వచ్చే వంపును, అంటే డిఫ్లెక్షన్‌ను పోల్చండి. అది లోతు ఘనంపై ఆధారపడుతుంది కాబట్టి, పడుకున్న దూలంలో స్ట్రెస్ రెండింతలైతే వంపు నాలుగింతలవుతుంది. ఎలాస్టిక్ మాడ్యులస్ (పదార్థం బిగువును చూపే కొలత) 10,000 మెగాపాస్కల్స్ అనుకుంటే నిలువు దూలం సుమారు 9.9 మిల్లీమీటర్లు, పడుకున్నది 39.5 మిల్లీమీటర్లు కుంగుతుంది. సాఫ్ట్‌వేర్‌లో తెరపై త్రీడీ రూపాన్ని ఆన్ చేసి చూస్తే ఈ లెక్క కూడా అక్కరలేదు, కానీ ఆ పని చేసేవారు తక్కువ.

తేడా ఇంత శుభ్రంగా లేనప్పుడు కారణాలు వేరు. చాలా ప్యాకేజీలు దూలం స్వీయభారాన్ని కలుపుతాయి. ఘనపు మీటరుకు 600 కిలోల చెక్కకు అది మీటరుకు 0.26 కిలోన్యూటన్లే కనుక స్ట్రెస్ 3 శాతం కూడా పెరగదు. అయితే మెటీరియల్‌ను మార్చకుండా ఉక్కుగానే వదిలేస్తే, సాంద్రత 7,850 కిలోలై స్వీయభారం 3.47 కిలోన్యూటన్లకు చేరి, స్ట్రెస్ 11.97 మెగాపాస్కల్స్ అవుతుంది. జవాబు సరిగ్గా 1.5 రెట్లుంటే లోడ్ ఫ్యాక్టర్ (భద్రత కోసం లోడును పెంచే గుణకం) కలిసిన కాంబినేషన్ ఫలితాన్ని చూస్తున్నారేమో గమనించండి. వెయ్యి రెట్లుంటే మాత్రం అది యూనిట్ల గొడవే: మీటర్లు, కిలోన్యూటన్లలో చేసిన లెక్కలో వచ్చే 8,889 కిలోపాస్కల్స్, మెగాపాస్కల్స్ కావు.

షీటు తయారుచేసేవారికి మరో హెచ్చరిక. మూమెంట్, దూరాలతో స్ట్రెస్ లెక్కిస్తే, అంచు వరకూ ఉన్న దూరాన్ని న్యూట్రల్ యాక్సిస్ నుంచి, అంటే దీర్ఘచతురస్రంలో మధ్య గీత నుంచి కొలవాలి. అడుగు అంచు నుంచి మొత్తం లోతును పెడితే అక్కడా స్ట్రెస్ రెండింతలే వస్తుంది. 1638లో గెలీలియో కూడా దూలం అడుగు అంచు చుట్టూ తిరిగి విరుగుతుందనీ, అడ్డకోతంతా ఒకే స్ట్రెస్ ఉంటుందనీ భావించాడు. ఆయన పద్ధతి ఇప్పటి సూత్రం కంటే మూడింతల బలాన్ని చూపుతుంది.

ప్రశ్న: త్రీడీ ఫైనైట్ ఎలిమెంట్ నమూనాలో (దూలాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టి లెక్కించేది) మెష్, అంటే ఆ ముక్కల వల, ఎంత సన్నగా చేస్తే, ఆధారం మూల దగ్గర స్ట్రెస్ అంత పెరుగుతోంది. ఎక్కడ ఆపాలి?

జవాబు: ఆ మూల దగ్గర ఎంత సన్నం చేసినా ఆగదు. లోడును గానీ ఆధారాన్ని గానీ ఒక బిందువుకు లేదా గీతకు కుదిస్తే, ఎలాస్టిక్ సిద్ధాంతం ప్రకారమే అక్కడ స్ట్రెస్ అనంతం వైపు వెళ్తుంది. మెష్ సన్నబడేకొద్దీ సాఫ్ట్‌వేర్ దాన్ని మరింత నిజాయితీగా చూపుతుంది. ఆధారం నుంచి కనీసం దూలం లోతంత దూరం జరిగాక పై, కింది అంచుల్లోని స్ట్రెస్‌ను చేతి లెక్కతో పోల్చండి. అక్కడ కొద్ది శాతాల్లో సరిపోతే నమూనా బాగున్నట్టే. మూల దగ్గర నిజమైన విలువ కావాలంటే ఆధారాన్ని దాని అసలు వెడల్పున్న పలకగా గీయాలి.

ప్రశ్న: ఫోన్ యాప్‌లో ఉక్కు ఐ సెక్షన్‌కు స్ట్రెస్ 140 మెగాపాస్కల్స్ వచ్చింది. ఉక్కు ఈల్డ్ స్ట్రెస్ (శాశ్వతంగా సాగడం మొదలయ్యే స్థాయి) 250 కాబట్టి సురక్షితమేనా?

జవాబు: ఆ ఒక్క అంకెతో చెప్పలేము. పొడవైన ఐ దూలంలో నొక్కుకుపోయే పై ఫ్లాంజ్‌కు, అంటే ఐ ఆకారంలోని పై అడ్డపట్టీకి, పక్క నుంచి ఆసరా లేకపోతే, ఈల్డ్ స్ట్రెస్‌కు చాలా ముందే అది పక్కకు ఒరిగి మెలితిరిగిపోతుంది. దీన్ని లాటరల్ టోర్షనల్ బక్లింగ్ అంటారు. మూమెంట్‌ను సెక్షన్ మాడ్యులస్‌తో భాగించి ఊరుకునే యాప్‌కు ఈ సంగతి తెలియదు. ఆ యాప్ పక్క ఆసరాల మధ్య దూరాన్ని ఎక్కడా అడగలేదంటే బక్లింగ్‌ను చూడలేదనే అర్థం. డిజైన్ ప్రమాణం ప్రకారం ఆ తనిఖీని విడిగా చేయించుకోండి.