షెర్లాక్ హోమ్స్ కథలు చెప్పే అతని మిత్రుడు డాక్టర్ వాట్సన్‌కి తూటా తగిలింది భుజానికా, కాలికా?

రెండింటికీ ఆధారముంది. 1887 నాటి తొలి నవలలో అఫ్గానిస్తాన్‌లోని మైవాండ్ యుద్ధంలో తూటా భుజం ఎముకను విరగ్గొట్టింది. 1890 నాటి రెండో నవలలో నొప్పి కాలికి, వాతావరణం మారినప్పుడల్లా సలుపు. రచయిత పొరపాటు అనేస్తే చర్చే ఉండదు. అందుకే హోమ్స్ అభిమానులు రెండూ నిజమయ్యే దారి వెతుకుతారు: రెండు తూటాలా, వంగి ఉండగా తగిలిన ఒక్కటేనా? 1892 నాటి కథలో వాట్సన్ కాలూ చేయీ తేల్చకుండా దాటేస్తాడు, అదే నాకు అసలు ముచ్చట.

మీరూ వెతికితే వాక్యం యథాతథంగా రాసుకోండి. పక్కనే ఎవరి మాటో, కథాకాలమేదో, ప్రచురణ ఏడాదేదో వేరువేరుగా పెట్టండి. ఈ రెండు కాలాలూ కలిపేసినా, సినిమాల్లో చూసిన కుంటినడకను ఆధారంగా తెచ్చినా వాదన నిలవదు. సాక్ష్యం రచయిత కానన్ డాయల్ రాసిన 4 నవలలు, 56 కథలు మాత్రమే.