సూది వేళ పిల్లల దృష్టి మళ్లించడం మోసమా?

ప్రశ్న: మా పాపకు ఐదేళ్లు నిండాయి, డీపీటీ బూస్టర్ వేయించాలి. ఒకటిన్నరేళ్లప్పటి టీకాకు ముగ్గురం కలిసి కాళ్లూ చేతులూ అదిమి పట్టుకోవలసి వచ్చింది. ఫోన్‌లో బొమ్మలు చూపిస్తూ వేయించమంటున్నారు. ఇది పిల్లను మోసం చేయడం కాదా?

జవాబు: కాదండీ. నొప్పి ఎంత తెలుస్తుందనేది సూది మీదే కాక, ఆ క్షణంలో మనసు ఎక్కడుందన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో టీకా నొప్పిపై ఇచ్చిన సూచనల్లో, ఆరేళ్లలోపు పిల్లలకు బొమ్మలతోనో, వీడియోతోనో, పాటతోనో దృష్టి మళ్లించమని చెప్పింది.

అయితే ఫోన్ చేతికిచ్చి ఊరుకోవడం కంటే పాపకు ఏదో ఒక పని పెట్టడం మేలని నా అభిప్రాయం. వెల్లకిలా పడుకోబెట్టి అదమకుండా, ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని, నర్సు దూది తీయకముందే సబ్బునీళ్ల బుడగలు ఊదించండి; పెద్ద బుడగ రావాలంటే నెమ్మదిగా, దీర్ఘంగా ఊదక తప్పదు కనుక, బిగుసుకున్న చెయ్యి దానంతటదే కొంత వదులవుతుంది. సూది తీశాక కూడా కాసేపు ఆట ఆపకండి.

మోసమంటే, “అస్సలు నొప్పి ఉండదు” అని చెప్పడం. (“ఏడిస్తే డాక్టరుగారు ఇంకో సూది వేస్తారు” అనే పెద్దలను ఆ పూట ఇంట్లోనే ఉంచితే మంచిది.) “కాస్త చురుక్కుమంటుంది, నేను పక్కనే ఉంటాను” అనండి. పాప సూదిని చూస్తానంటే చూడనివ్వండి. కొందరు పిల్లలకు చూడడమే ధైర్యం.