బండి కొనే ముందు అమ్మే రోజు లెక్క కూడా వేసుకో

చిన్నా,

ఆశీస్సులు. నువ్వు కొనాలనుకుంటున్న ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ, బీఎండబ్ల్యూ ఐఎక్స్1 మీద లెక్కలేసి పంపిన ఎక్సెల్ షీటు రెండుసార్లు చూశాను, ఒకసారి కళ్లజోడు లేకుండా, ఒకసారి పెట్టుకుని. పెట్రోలు మిగులు అన్న గడికి పచ్చరంగు కొట్టావు. ఏడాదికి లక్ష. లెక్కలో తప్పేం లేదు. ఏడాదికి 12,000 కిలోమీటర్లు, లీటరుకి పది ఇచ్చే పెట్రోలు ఎస్‌యూవీ, హైదరాబాద్‌లో లీటరు 107 రూపాయలు అనుకుంటే లక్షా ఇరవై ఎనిమిది వేలు. ఎలక్ట్రిక్ బండి మీటరు దగ్గర లెక్కేస్తే యూనిట్‌కి అయిదు కిలోమీటర్లు వస్తుంది. అంటే 2,400 యూనిట్లు. ఇంటి కరెంటు పై స్లాబులో పది రూపాయలు పడినా ఇరవై నాలుగు వేలు. లక్ష మిగిలే మాట నిజమే. కానీ నీ షీటులో బండి అమ్మే రోజుకి గడే లేదు.

నేను ముప్పై ఏళ్లకు పైగా మోటారు ఇన్సూరెన్స్ సర్వేయరుగా తిరిగినవాణ్ణి. కొత్త బండి సంగతులు నాకంటే షోరూం కుర్రాడికే బాగా తెలుసు. గుద్దుకున్నాక అది ఎలా ఉంటుందో, క్లెయిములో ఎంతకి తెగుతుందో, నాలుగో ఏట సెకండ్ హ్యాండ్ వాడు ఎంత అంటాడో నాకు తెలుసు. ఇప్పుడు నేను తిరుగుతున్న ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ కూడా అలా వచ్చిందే. ఒకాయన కోటికి దగ్గరగా పెట్టి కొన్నాడు, మూడేళ్లు నడిపాడు, నాకు సగం కంటే తక్కువకి ఇచ్చాడు. మీ అత్తయ్య దాన్ని "పరాయి వాళ్ల పుణ్యం" అంటుంది. ఆ పుణ్యాత్ముడి స్థానంలో ఇప్పుడు నువ్వు కూర్చోబోతున్నావని నా బెంగ.

ఇన్సూరెన్స్ వాళ్లు మామూలుగా వేసే తరుగు లెక్కే చూడు. బండికి ఏడాది నిండేసరికి 15 శాతం, రెండో ఏడు 20, మూడు 30, నాలుగు 40, అయిదో ఏడు 50. ఇది కాగితం మీద. బయట మార్కెట్లో ఎలక్ట్రిక్ లగ్జరీ బండి దీనికంటే జోరుగా పడిపోవడం నా కళ్లతో చూస్తున్నాను. కారణం పెద్ద రహస్యమేం కాదు. రెండేళ్లకో కొత్త బ్యాటరీ వస్తుంది, కొత్త మోడల్ ఇంకో వంద కిలోమీటర్లు ఎక్కువ పోతుంది, కొనేవాడికి పాత బ్యాటరీ మీద అనుమానం. 49 లక్షల బండి నాలుగేళ్లకి సగానికి వచ్చిందనుకో, పోయింది ఇరవై నాలుగున్నర లక్షలు. నాలుగేళ్ల పెట్రోలు మిగులు నాలుగు లక్షలు. పెట్రోలు బండి కూడా పడుతుంది మామయ్యా అంటావు. పడుతుంది, కాదనను. ఆ రెండు పడిపోవడాల మధ్య తేడా ఎంతో ఆ గడిలో రాసుకుని అప్పుడు పచ్చరంగు కొట్టు.

నీ వైపు ఉన్నవి కూడా చెప్తాను, లేకపోతే మీ అమ్మ నన్ను పాతకాలం మనిషి అంటుంది. జీఎస్టీ నీకు 5 శాతమే, పెద్ద పెట్రోలు ఎస్‌యూవీలకి 2025 సెప్టెంబరు 22 నుంచి 40. తెలంగాణలో 2024 నవంబరులో తెచ్చిన పాలసీ ప్రకారం రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ, 2026 డిసెంబరు 31 దాకా. ఇరవై లక్షలు దాటిన పెట్రోలు బండికి ఇక్కడ ట్యాక్సు తక్కువలో తక్కువ 18 శాతం, అంటే నీకు ఎనిమిది లక్షల పైన మిగిలినట్టు. ఇది పెట్రోలు లెక్క కంటే పెద్దది, దీన్ని నువ్వు షీటులో కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో పెట్టావు. అయితే మీ కంపెనీ నిన్ను బెంగళూరు పంపే మాట ఉందని అక్క చెప్పింది. కర్ణాటకలో 25 లక్షలు దాటిన ఎలక్ట్రిక్ బళ్లకి 10 శాతం లైఫ్ ట్యాక్సు పెట్టారు. బదిలీ సంగతి తేలాకే బుక్ చెయ్యి. ఇంకొకటి, లోను వడ్డీ మీద ఆదాయపు పన్ను సెక్షన్ 80ఈఈబీ కింద లక్షన్నర తగ్గింపు వస్తుందని ఎవరైనా అంటే నవ్వి ఊరుకో. అది 2023 మార్చి 31 లోపు మంజూరైన లోన్లకే.

ఇప్పుడు నా అసలు సబ్జెక్టు, ఇన్సూరెన్స్. ఇక్కడ కాస్త ఓపిక పట్టి చదువు.

నేను రిటైరవడానికి ముందు చూసిన ఆఖరి పెద్ద క్లెయిముల్లో ఒకటి చెప్తాను. హైవే పక్క పనులు జరుగుతున్న చోట ఒకాయన బండి రాయి మీదుగా పోయింది. బయటికి గీత కూడా లేదు. లిఫ్టు మీద ఎత్తి చూస్తే బ్యాటరీ కింది పళ్లెంలో అరచేయి వెడల్పు సొట్ట. బండి నడుస్తోంది, ఏసీ వస్తోంది, డాష్‌బోర్డు మీద మాత్రం ఒక హెచ్చరిక. వర్క్‌షాపు వాళ్లు ఆ పళ్లెం విప్పి సరిచెయ్యం, ప్యాకు మొత్తం మార్చాలన్నారు. లోపల సెల్సుకి దెబ్బ తగిలిందో లేదో వాళ్లు గ్యారంటీ ఇవ్వలేరు, ఆ భయం న్యాయమే. బిల్లు బండి విలువలో సగం దాకా పోయింది. అప్పుడు మొదలైంది గొడవ. మామూలు పాలసీల్లో రబ్బరు, ప్లాస్టిక్, టైర్లతో పాటు బ్యాటరీలకి కూడా 50 శాతం తరుగు కోసేస్తారు. ఆ లైను ఒకప్పుడు బానెట్ కింద ఉండే అయిదారు వేల బ్యాటరీ కోసం రాసింది. పదిహేను, ఇరవై లక్షల ప్యాకుకి అదే లైను తగిలిస్తే ఓనరు జేబులోంచి ఎంత పోతుందో చూడు. ఆయన దగ్గర తరుగు కోయకుండా ఇచ్చే అదనపు కవరు, జీరో డెప్, ఉంది కాబట్టి బయటపడ్డాడు. లేకపోతే బండిని అక్కడే వదిలేసి పోవాల్సిన పరిస్థితి.

అందుకని పాలసీ తీసుకునేటప్పుడు "బంపర్ టు బంపర్ అంతా కవరే సార్" అన్న మాట నమ్మకు. హై వోల్టేజ్ బ్యాటరీకి తరుగు లేకుండా కవరు ఉందా, కింద తగిలిన దెబ్బకి, నీళ్లు చేరినదానికి, ఛార్జింగ్ పెట్టినప్పుడు కరెంటు ఎక్కువై పాడైనదానికి ఇస్తారా, ఇంటి గోడకి బిగించిన ఛార్జరు పాలసీలోకి వస్తుందా, ఇవన్నీ మెయిల్లో రాయించుకో. మొదటి మూడేళ్లు రిటర్న్ టు ఇన్వాయిస్ (బండి పూర్తిగా పోతే కొన్న బిల్లు ధర ఇచ్చే కవరు) కూడా పెట్టుకో. థర్డ్ పార్టీ ప్రీమియంలో ఎలక్ట్రిక్ బళ్లకి 15 శాతం తగ్గింపు ఉంది, అది చూసి మురిసిపోకు. అసలు డబ్బు ఓన్ డ్యామేజీలో (మన బండి రిపేరు కవరు), అదనపు కవర్ల యాడ్ ఆన్‌లలో పోతుంది. అది ఏటా కట్టాలి.

బ్యాటరీ వారంటీ ఈ తరగతి బళ్లలో సాధారణంగా 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు ఉంటుంది. సామర్థ్యం 70 శాతం కంటే తగ్గితే చూసుకుంటామంటారు. అది తయారీ లోపానికి. రాయి తగిలినదానికి, వాననీళ్లలో మునిగినదానికి కాదు. వారంటీ వేరు, ఇన్సూరెన్స్ వేరు, ఈ రెండిటి మధ్య సందులోనే జనం పడిపోతుంటారు.

టైర్ల సంగతి క్లుప్తంగా. రెండు టన్నులు, రెండున్నర టన్నుల బండి, కాలు పెట్టగానే దూకుడు, కాబట్టి టైర్లు త్వరగా అరుగుతాయి. నా మొదటి సెట్టు ముప్పై వేల కిలోమీటర్లు కూడా దాటలేదు. చాలా వాటిలో స్టెప్నీ ఉండదు, పంక్చరు కిట్టు ఇస్తారు. గుంతలో పడి పక్కగోడ ఉబ్బితే ఆ కిట్టు ఎందుకూ పనికిరాదు. మీ నాన్న ఊరికి ఖమ్మం దారిలో రాత్రిపూట బయల్దేరే అలవాటుంది నీకు. మానుకో.

భద్రత గురించి నువ్వు గుద్ది చూసే పరీక్షల్లో వచ్చిన నక్షత్రాలే రాశావు. నువ్వు చూస్తున్న బీఎండబ్ల్యూ ఐఎక్స్1కి యూరో ఎన్‌క్యాప్‌లో 2022లో అయిదు నక్షత్రాలు వచ్చాయి, టెస్లా మోడల్ వైకి కూడా అదే ఏడు. బాగుంది. కాకపోతే అక్కడ పరీక్ష పెట్టింది పొట్టి వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) బండికి. మనకి 2025 జనవరిలో 49 లక్షలకి వచ్చింది చెన్నైలో తయారయ్యే పొడుగు బండి. ఆ రేటింగు దీనికీ వర్తిస్తుందా అని అడిగి జవాబు కాగితం మీద తీసుకో. ఇంకో మాట, నీకు నచ్చకపోవచ్చు. ముప్పై లక్షల లోపు మహీంద్రా ఎక్స్ఈవీ 9ఈ భారత్ ఎన్‌క్యాప్‌లో పెద్దవాళ్ల భద్రతకి 32కి 32 తెచ్చుకుంది. మిగతా ఇరవై లక్షలు బ్యాడ్జీ కోసం, సీటు మెత్తదనం కోసం, నిశ్శబ్దం కోసం. వాటికి పెట్టు, తప్పులేదు, మీ అత్తయ్యకి కూడా ఆ నిశ్శబ్దమే నచ్చింది. ప్రాణం కోసం పెడుతున్నానని మాత్రం అనుకోకు.

ప్రాణం నిలబడేది బెల్టు దగ్గర. 2022 సెప్టెంబరులో పాల్ఘర్ దగ్గర పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ పోయింది లగ్జరీ ఎస్‌యూవీ వెనక సీట్లో, బెల్టు లేకుండా. నేను చూసిన బళ్లలో కూడా ముందు ఎయిర్‌బ్యాగులన్నీ విచ్చుకుని, ముందున్నవాళ్లు నడిచి బయటికొచ్చి, వెనకవాళ్లు రాలేకపోయినవి ఉన్నాయి. అక్క "చీర నలుగుతుంది" అంటుంది. నలగనీ.

నిప్పు గురించి బావ భయపడుతున్నాడట. స్వీడన్ అత్యవసర సేవల సంస్థ లెక్కల్లో ఎలక్ట్రిక్ కార్లకి నిప్పంటుకోవడం పెట్రోలు, డీజిలు బళ్ల కంటే చాలా తక్కువే. అంటుకుంటే మాత్రం ఆర్పడం కష్టం, ఆరిందనుకున్నాక మళ్లీ రాజుకుంటుంది. కాబట్టి పొగ కనిపించినా, బ్యాటరీ హెచ్చరిక వచ్చినా సామాను గురించి చూడకుండా దిగి దూరం పోవాలి. తలుపులు చాలా బళ్లలో కరెంటు మీటతో తెరుచుకుంటాయి. కరెంటు పోతే చేత్తో లాగే తీగో మీటో ఎక్కడుందో డెలివరీ రోజే చూపించమను, ముందు తలుపులకే కాదు, వెనక తలుపులకీ. పిల్లల చేత ఒకసారి లాగించు.

నాకు జరిగిన ముచ్చట ఒకటి. పన్నెండు రోజులు ఎయిర్‌పోర్టు పార్కింగులో బండి పెట్టి వచ్చాను. పెద్ద బ్యాటరీలో 60 శాతం ఉంది, బండి మాత్రం తెరుచుకోలేదు. చిన్న 12 వోల్టుల బ్యాటరీ చచ్చింది. నలభై ఏడు డిగ్రీల చెమటలో... అంత లేదులే, నలభై రెండు ఉంటుంది. తాళం లోపల దాచిన ఇనుప చెవి ఉంటుందని మాన్యువల్లో ఉంది, మాన్యువల్ బండిలో ఉంది.

నీళ్లు. బ్యాటరీకి ఐపీ67 అంటారు, అంటే మీటరు లోతు మంచినీళ్లలో అరగంట. 2020 అక్టోబరు వానలకి హైదరాబాద్ సెల్లార్లలో బళ్లు రాత్రంతా మునిగి ఉన్నాయి, అరగంట కాదు. మీ అపార్టుమెంటు సెల్లారు ర్యాంపు వాలు నేను చూశాను, వీధి నీళ్లన్నీ అందులోకే. పైన స్టిల్టులో (నేల మట్టం పార్కింగు) చోటు కోసం అసోసియేషన్‌తో ఇప్పుడే మాట్లాడు. ఒకవేళ మునిగితే స్టార్ట్ చెయ్యకు, ఛార్జింగ్ అసలే పెట్టకు, టోయింగ్ చేయించు.

ఛార్జరు కూడా అదే మాటలో తేల్చుకో. 2024 ఫిబ్రవరిలో సవరించిన కరెంటు వినియోగదారుల నియమాల ప్రకారం బండి ఛార్జింగ్ కోసం వేరే కనెక్షన్ అడగొచ్చు. అలా తీసుకుంటే ఇంటి స్లాబు పెరగదు. ఎర్తింగ్ పరీక్ష చేయించు, దానికంటూ ప్రత్యేకంగా ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్చి) పెట్టించు. ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి మేడమీంచి వైరు దింపేవాళ్లని నేను చూశాను, ఆ తర్వాత వాళ్ల క్లెయిములు కూడా చూశాను. బయట ఫాస్ట్ ఛార్జర్ల దగ్గర యూనిట్ ఇరవై రూపాయలు దాటుతుంది. ఇంట్లో చోటు దొరక్కపోతే నీ లక్ష మిగులు ఎనభై వేలకో ఇంకా కిందికో వచ్చేస్తుంది, ఆ పచ్చరంగు చెరిపెయ్యి.

ఫుల్ ఛార్జింగ్‌కి రేంజ్ 531 కిలోమీటర్లు అని కాగితం మీద ఉంటుంది. ఏసీ, హైవే స్పీడు, నలుగురు మనుషులతో నాలుగు వందలు వస్తే సంతోషించు. ఖమ్మం పోయి రావడానికి అది సరిగ్గా సరిపోయీ సరిపోనట్టు ఉంటుంది.

ఇంతా చదివి కూడా కొనాలనిపిస్తే నాకు సంతోషమే. కొత్తదే కావాలంటే ఎనిమిదేళ్లు నడపాలనుకుని కొను, అప్పుడు ఆ తరుగు ఏడాదికింత అని పలచబడుతుంది. నాలుగేళ్లకి మార్చే బుద్ధి ఉంటే రెండేళ్లు నిండిన బండి వెతుకుదాం. బ్యాటరీ హెల్త్ రిపోర్టు, సర్వీసు రికార్డు, క్లెయిము చరిత్ర నేను చూస్తాను, వారంటీ నీ పేరు మీదికి మారుతుందో లేదో కూడా. ఆదివారం పొద్దున్నే రా. మా వీధి చివర వర్క్‌షాపులో నా బండిని లిఫ్టు మీద ఎక్కించి కింది భాగం చూపిస్తాను. వచ్చేటప్పుడు మీ సెల్లారు ర్యాంపు దగ్గర టేపుతో ఎత్తు కొలుచుకుని రా, అక్కని కూడా తీసుకురా. వెనక సీట్లో బెల్టు పెట్టించి ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక రౌండు వేద్దాం.

మీ మామయ్య