పాఠకుల ప్రశ్నలు: క్యాన్సర్ పల్లె కౌంటీలో ఎక్కువా, పట్నం కౌంటీలోనా?

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఐదింటికి మూలం ఒక్కటే, అమెరికా కౌంటీల క్యాన్సర్ పటం. కౌంటీ అంటే మన జిల్లా వంటి పాలనా విభాగం. ఆ దేశంలో అవి 3,100కు పైగా ఉన్నాయి. కింద ఇచ్చిన రేట్లన్నీ లక్ష మందికి, ఏడాదికి లెక్క కట్టినవి.

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో మెడిసిన్ రెసిడెన్సీ పూర్తి చేసింది. జె-1 వీసా షరతు (శిక్షణ అయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్నది) మాఫీ కావాలంటే మూడేళ్లు తూర్పు కెంటకీలోని ఒక చిన్న కౌంటీ ఆసుపత్రిలో పనిచేయాలట. ఆ ప్రాంతంలో క్యాన్సర్ చాలా ఎక్కువని చదివినప్పటి నుంచి మాకు నిద్ర లేదు. బొగ్గు గనుల నీళ్ల వల్లనా? అమ్మాయిని అక్కడికి పంపవచ్చునా? — ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు మీరడిగిన చివరి ప్రశ్నకే జవాబు చెబుతాను: నిరభ్యంతరంగా పంపండి.

మీరు చదివిన మాటలో అబద్ధం లేదు. కెంటకీలోని 120 కౌంటీలలో 54 అపలేచియన్ కొండ ప్రాంతానికి చెందినవి. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో, కొత్త కేసుల లెక్క తీసినా మరణాల లెక్క తీసినా, ఆ రాష్ట్రం చాలా ఏళ్లుగా దేశంలో మొదటి వరుసలోనే ఉంటోంది. తూర్పు కొండ కౌంటీలలో పరిస్థితి మరీ కష్టంగా ఉంది. అయితే ఆ రేటు ప్రధానంగా అక్కడే పుట్టి పెరిగి, ముప్ఫై నలభై ఏళ్లు సిగరెట్టు కాల్చినవారి లెక్క. పొగాకు గురించి గుంటూరు వారికి నేను చెప్పబోవడం సాహసమే అవుతుంది. మీ జిల్లాలోనూ ప్రకాశంలోనూ పండించే బర్లీ పొగాకే కెంటకీ చిన్న రైతుకు తరతరాలుగా నాలుగు డబ్బులు కళ్లజూపిన పంట. ఎవరెంత పండించి అమ్మవచ్చో నిర్ణయించే ఫెడరల్ కోటా పద్ధతిని 2004లో చట్టం చేసి ఎత్తివేసే దాకా అక్కడి ఎన్నో పల్లెల బతుకు దాని చుట్టూనే తిరిగింది. పండించిన ఊళ్లలో కాల్చే అలవాటూ అంత గట్టిగానే పాతుకుపోయింది. అమెరికాలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలలో 80 నుంచి 90 శాతం దాకా సిగరెట్టుకు సంబంధించినవే. పైగా కాల్చడానికీ జబ్బు బయటపడడానికీ మధ్య రెండు మూడు దశాబ్దాలు గడుస్తాయి కనుక, ఈనాటి రేటులో కనిపిస్తున్నది చాలా వరకు పాతికేళ్ల కిందటి అలవాటు. పొగతాగని మీ అమ్మాయికి మూడేళ్ల ఉద్యోగంతో అది సంక్రమించదు.

గనుల మాట నిజంగానే వేరు. బొగ్గు దుమ్ము గని కార్మికుల ఊపిరితిత్తులను పాడు చేస్తుందన్నది ఎన్నడో రుజువైన సంగతి. కానీ కౌంటీల మధ్య క్యాన్సర్ తేడాలో పెద్ద వాటా పొగాకుదే. మీ అమ్మాయి జాగ్రత్త పడవలసినది రేడాన్ అనే వాయువు విషయంలో. అది నేలలోని యురేనియం నుంచి పుట్టి, ఇంటి అడుగున, ముఖ్యంగా నేలమాళిగలో చేరుతుంది. దాని వల్ల అమెరికాలో ఏటా సుమారు 21,000 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో మరణిస్తున్నారని అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ అంచనా. ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు రేడాన్ పరీక్ష చేయించమనండి. ఫలితం లీటరు గాలికి 4 పీకోక్యూరీలు (రేడియోధార్మికతకు కొలమానం) గాని అంతకు మించి గాని ఉంటే, గొట్టం, ఫ్యాను అమర్చి ఆ గాలిని బయటికి పంపే ఏర్పాటు చేయించాలి. ఇంటికి సొంత బావి నీరే ఆధారమైతే ఆ నీటినీ ఒకసారి పరీక్షకు ఇవ్వడం మంచిది.

ఇక మీరు చదివిన వ్యాసంలో కొత్త కేసుల రేటు, మరణాల రేటు కలిసిపోయినట్లు తోస్తోంది. ఈ రెండింటినీ విడదీసి చూడకపోతే పటం తప్పుదారి పట్టిస్తుంది. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం (సీడీసీ) 2017లో వెలువరించిన నివేదికలో, అచ్చమైన పల్లె కౌంటీలలో కొత్త కేసుల రేటు 442, పది లక్షల జనాభా దాటిన మహానగర ప్రాంత కౌంటీలలో 457. అంటే పల్లెలోనే కొంచెం తక్కువ. అదే నివేదికలో మరణాల రేటు పల్లెలలో 180, పట్నాలలో 158. జబ్బు తక్కువ మందికి వస్తున్నట్లు కనిపించే చోటే ఎక్కువ మంది చనిపోతున్నారన్నమాట. ఒక పదేళ్ల కాలాన్ని చూస్తే, కొత్త కేసులు రెండు చోట్లా ఏడాదికి సుమారు ఒక శాతం చొప్పున తగ్గగా, మరణాలు మాత్రం పట్నంలో ఏటా 1.6 శాతం, పల్లెలో 1.0 శాతం చొప్పున తగ్గాయి. ఎడం తగ్గకపోగా పెరిగింది.

దీనికి కారణాలు మీ అమ్మాయికి మొదటి నెలలోనే కళ్లకు కడతాయి. క్యాన్సర్ వైద్యుడు వంద మైళ్ల అవతల ఉంటాడు. 2010 తరువాత వందకు పైగా పల్లె ఆసుపత్రులు మూతపడ్డాయి. బీమా లేనివారూ, ఉన్నా చాలనివారూ ఎక్కువ. రేడియేషన్ కోసం ఆరు వారాలు రోజూ వెళ్లి రావాలంటే కూలి పోతుంది. ఈ కొరత వల్లనే 1994లో వీసా షరతు మాఫీ చట్టం పుట్టింది, ఈనాడు ఎందరో తెలుగు డాక్టర్లు ఇటువంటి కౌంటీలలో పనిచేస్తున్నదీ దాని వల్లనే. అక్కడ ఒక మామూలు ఫిజీషియన్ చేయగలిగినది కూడా తక్కువేమీ కాదు. కెంటకీలో 1999 నాటికి పెద్దపేగు పరీక్ష చేయించుకోవలసిన వయసువారిలో మూడో వంతు మందే చేయించుకునేవారు. ఊరూరా ప్రచారం, ఉచిత పరీక్షల పథకాలు, స్థానిక వైద్యుల పట్టుదల కలిసి పదేళ్లు తిరిగేసరికి అది దాదాపు మూడింట రెండు వంతులకు చేరింది. పెద్దపేగు క్యాన్సర్ కొత్త కేసులు సుమారు నాలుగో వంతు తగ్గాయి. పొగతాగేవారికి తక్కువ మోతాదు సీటీ స్కాన్‌తో ఊపిరితిత్తుల పరీక్ష విషయంలో 2021లో నియమాలను సడలించారు. రోజుకొక పెట్టె చొప్పున ఇరవై ఏళ్లకు సమానంగా కాల్చిన 50–80 ఏళ్లవారిలో, ఇప్పటికీ కాలుస్తున్నవారూ, మానేసి పదిహేనేళ్లు దాటనివారూ దానికి అర్హులు. మీ అమ్మాయి దగ్గరికి వచ్చే రోగులలో అలాంటివారు చాలామందే ఉంటారు.

ప్రశ్న: సీడీసీ లెక్క ప్రకారం పట్నం కౌంటీలలోనే కొత్త క్యాన్సర్లు ఎక్కువ. మా కౌంటీలో రొమ్ము, ప్రోస్టేట్, థైరాయిడ్ క్యాన్సర్లు పల్లె కౌంటీల కన్నా బాగా ఎక్కువ ఉన్నాయి. పట్నం గాలి, పట్నం తిండి మానేసి పల్లెకు మారితే మేలంటారా? — ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: మీరు పేర్కొన్న మూడూ వెతికిన కొద్దీ దొరికే రకాలు. క్యాన్సర్ పరీక్షలన్నీ లెక్కలను ఒకే దిక్కుకు జరుపుతాయనుకోవడం చదువుకున్నవారు కూడా చేసే పొరపాటు. పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చేసే కొలనోస్కోపీలో డాక్టరు పేగులోని పాలిప్‌ను (చిన్న కండ బుడిపెను), అది క్యాన్సర్‌గా మారకముందే, తీసివేస్తాడు. గర్భాశయ ముఖద్వారానికి చేసే పాప్ పరీక్షలోనూ అంతే, జబ్బు కాకముందరి మార్పే దొరుకుతుంది. అందువల్ల ఈ పరీక్షలు బాగా జరిగే కౌంటీలో కొత్త కేసులు తగ్గుతాయి. ప్రోస్టేట్‌కు చేసే పీఎస్ఏ రక్తపరీక్ష, రొమ్ముకు చేసే మామోగ్రామ్ అలా కావు. అవి ఉన్న క్యాన్సర్‌ను ముందుగా పట్టుకుంటాయి, బతికినంత కాలం బయటపడకుండా ఉండిపోయేదాన్ని కూడా పట్టుకుంటాయి. అందువల్ల ఈ పరీక్షలు ఎక్కువగా జరిగే కౌంటీలో కొత్త కేసులు పెరుగుతాయి. పరీక్షలు తక్కువగా జరిగే పల్లె కౌంటీలో పెద్దపేగు, ముఖద్వార క్యాన్సర్లు ఎక్కువగానూ, రొమ్ము, ప్రోస్టేట్ తక్కువగానూ కనిపించడంలో పెద్ద భాగం ఇదే. అంతమాత్రాన పల్లె మగవారికి ప్రోస్టేట్ బెడద లేదనుకోవద్దు. 2017 నివేదికలో ఆ క్యాన్సర్ మరణాల రేటు పల్లెలలోనే ఎక్కువ.

థైరాయిడ్ కథ ఇంకా విచిత్రం. అమెరికాలో దాని రేటు 1975లో 4.9 ఉండగా 2009 నాటికి 14.3 అయింది, మరణాల రేటు మాత్రం అర దగ్గరే కదలకుండా ఉండిపోయింది. నిజంగా జబ్బే మూడింతలైతే మరణాలు కొంతైనా కదలాలి. మెడకు అల్ట్రాసౌండ్ తీయడం మామూలైపోయి, మునుపు ఎవరికీ తెలియని చిన్న చిన్న గడ్డలు రిపోర్టుల్లోకి ఎక్కాయి. స్పెషలిస్టులూ స్కానింగ్ కేంద్రాలూ బీమా కార్డులూ సమృద్ధిగా ఉండే మీ కౌంటీలో అవి మరిన్ని దొరకడంలో వింత లేదు.

అలాగని పట్నపు పెరుగుదల అంతా పరీక్షల పుణ్యమేనని కొట్టిపారేయను. రొమ్ము క్యాన్సర్‌లో కొంత నిజమైన పెరుగుదలే. ఆలస్యంగా తొలి కాన్పు, తక్కువ కాన్పులు, ముట్లుడిగిన తరువాత హార్మోన్ మాత్రలు చదువూ ఆదాయమూ ఎక్కువగా ఉన్న పట్నపు స్త్రీలలో ఎక్కువ. 2002లో ఒక పెద్ద పరిశోధన ఆ మాత్రల హాని బయటపెట్టగానే లక్షలాది స్త్రీలు వాటిని మానేశారు, మరుసటి ఏడాదే రొమ్ము క్యాన్సర్ కొత్త కేసులు సుమారు ఏడు శాతం పడిపోయాయి. ఇళ్లు మారే ఆలోచన మానుకుని, మీ ఇంట్లో ఎవరైనా ఆ మాత్రలు వాడుతుంటే డాక్టరుతో ఒకసారి మాట్లాడండి.

ప్రశ్న: మా బావమరిది అయోవాలో ఉంటాడు. అక్కడ క్యాన్సర్ పెరుగుతోందనీ, అంతా పొలాల మందుల వల్లనేననీ అంటున్నాడు. మేమూ మిరపకు ఎన్నో మందులు కొడతాం. నిజమేనా? — ఒక రైతు, ఖమ్మం జిల్లా

జవాబు: అయోవా గురించి ఆయన చెప్పినది నిజం. ఆ రాష్ట్ర క్యాన్సర్ రిజిస్ట్రీ 2024 నివేదిక ప్రకారం కొత్త కేసుల రేటులో అది దేశంలో రెండో స్థానంలో ఉంది. చాలా రాష్ట్రాలలో రేటు నిలకడగానో తగ్గుముఖంగానో ఉండగా అక్కడ పెరుగుతోంది. "అంతా మందుల వల్లనే" అన్న మాటతోనే నాకు పేచీ. ఆ నివేదిక ప్రత్యేకంగా ఎత్తి చూపినది మద్యపానాన్ని. పైగా రాష్ట్రంలోని 99 కౌంటీలూ రేడాన్ ముప్పు ఎక్కువగా ఉన్న మండలంలోనే ఉన్నాయి.

మందుల సంగతి తేల్చడానికి 1993లో అయోవా, నార్త్ కరోలినా రాష్ట్రాలలో మందు కొట్టేవారినీ వారి జీవిత భాగస్వాములనూ దాదాపు 89,000 మందిని చేర్చుకుని ఒక అధ్యయనం మొదలుపెట్టారు. అది దశాబ్దాలుగా సాగుతోంది. అందులో రైతులకు మొత్తం మీద క్యాన్సర్ ఇతరుల కన్నా తక్కువే ఉంది, ఎందుకంటే వారు సిగరెట్లు తక్కువ కాలుస్తారు, ఒళ్లు వంచి పనిచేస్తారు. కానీ ప్రోస్టేట్ క్యాన్సరూ, రక్తానికీ లింఫ్ గ్రంథులకూ వచ్చే కొన్ని రకాలూ మాత్రం వారిలో ఎక్కువగా కనిపించాయి. మొత్తం రేటు తక్కువగా ఉండడం ఒక్కొక్క మందునూ నిర్దోషిగా తేల్చదు. అక్కడి రైతు ట్రాక్టరు క్యాబిన్‌లో కూర్చుని కొడతాడు. మీరు వీపున పంపు మోస్తూ, గాలికి ఎదురుగా, ఉత్త చేతులతో కొడితే ఒంటికి తగిలే మోతాదే వేరు. కనుక చేతి తొడుగులూ, ముక్కుకూ నోటికీ మాస్కూ తప్పనిసరి. మందు కొట్టిన బట్టలను విడిగా ఉతకండి, ఆ చేతులతో బీడీ ముట్టకండి.

ప్రశ్న: హైదరాబాదులో రొమ్ము క్యాన్సర్ రేటు 48 అని చదివాను, అమెరికాలో 120 దాటుతుందట. అయితే మన స్త్రీలకు జబ్బు సగం కన్నా తక్కువేనా? — ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: రెండు తక్కెడలలో వేరు వేరు తూకపు రాళ్లు వేసి చూస్తున్నారు. ముసలివారు ఎక్కువగా ఉన్న చోట క్యాన్సర్ కూడా ఎక్కువగా ఉంటుంది కనుక, రెండు ప్రాంతాలను పోల్చే ముందు వాటి జనాభాను ఒకే వయసుల కూర్పుకు సర్దుబాటు చేస్తారు. అమెరికా తన 2000 నాటి జనాభా కూర్పును వాడుతుంది, మన జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం అంతకన్నా పడుచు కూర్పైన ప్రపంచ ప్రమాణాన్ని వాడుతుంది. అదే ప్రమాణంతో అమెరికా రొమ్ము క్యాన్సర్ రేటు దాదాపు 90కి దిగుతుంది. మిగిలిన తేడాలో కొంత జీవన విధానానిది, కొంత మామోగ్రామ్‌లది. మీరు చెప్పిన 48 కూడా 2012–16 నాటి నివేదికలో దేశంలోని రిజిస్ట్రీలన్నిటిలోకీ పై అంకె.

మన పల్లెల లెక్క ఇంకా పలచన. దేశంలో తొలి గ్రామీణ క్యాన్సర్ రిజిస్ట్రీ 1987లో మహారాష్ట్రలోని బార్శీలో మొదలైంది. ఆసుపత్రిలో కూర్చుంటే కేసులు రావని గ్రహించి, అక్కడి కార్యకర్తలు ఊరూరా తిరిగి, లక్షణాలు వివరించి, అనుమానం ఉన్నవారిని వెదికి తెచ్చారు. అక్కడి స్త్రీలలో తొలి ఏళ్లలో ముందున్నది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, అంటే అమెరికా పల్లె కౌంటీలలో పట్నాల కన్నా ఎక్కువగా కనిపించే వాటిలో ఒకటి.

ప్రశ్న: పటంలో కొన్ని కౌంటీలు ఖాళీగా ఉన్నాయి. అక్కడ క్యాన్సర్ లేదా? — ఒక స్టాటిస్టిక్స్ విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: ఉంది, ప్రచురించరు. ఐదేళ్లు కలిపినా కేసులు 16 కన్నా తక్కువగా ఉంటే రేటు నమ్మదగినది కాదు, రోగి ఎవరో ఊరివారు పోల్చుకునే ప్రమాదం కూడా ఉంటుంది. కాలక్రమపు పోలికలో మరొక మెలిక ఉంది, దాన్ని మీరు తప్పక గమనించాలి. ఏది మహానగర ప్రాంతపు కౌంటీ, ఏది కాదు అన్న వర్గీకరణను జనగణన తరువాత మారుస్తారు. పక్క నగరం పెరిగి కలుపుకున్న కౌంటీ పల్లెల జాబితా నుంచి తప్పుకుంటుంది, ఎదగని కౌంటీ అందులోనే మిగిలిపోతుంది. వర్గీకరణ ఏ సంవత్సరానిదో చూడకుండా పాతికేళ్ల గీత గీస్తే, జబ్బులో మార్పు ఎంతో, జాబితాలో మార్పు ఎంతో విడదీయలేరు.

చిన్న కౌంటీల రేటు ఎంత ఊగుతుందో మీరే లెక్క వేసి చూడండి. టెక్సస్‌లోని లవింగ్ కౌంటీలో 2020 జనగణన ప్రకారం ఉన్నది 64 మంది. ఒక ఏడాది అక్కడ ఒక్కరికి క్యాన్సర్ వస్తే రేటు 1,562, అంటే పైన చెప్పిన పల్లె కౌంటీల రేటు 442కు సుమారు మూడున్నర రెట్లు. మరుసటి ఏడాది ఎవరికీ రాకపోతే సున్నా.